బీరువాలో ల్యాప్‌టాప్

రమజాను పండుగ వెళ్ళిన రెండో ఆదివారం గుంటూరులోని మా ఆపా ఇంటికి వెళ్ళాను. సలాములు, క్షేమసమాచారాలు అయ్యాయి. సేమ్యా గిన్నె చేతికి వచ్చింది గాని ఇంట్లో పండుగ కళ మాత్రం కనబడలేదు. బావగారు గోడవైపు చూస్తూ కూర్చున్నారు. ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరం చదువుతున్న మా మేనకోడలు గదిలోంచి బయటికి రాలేదు. కాసేపటికి ఆపాయే విషయం చెప్పింది. అమ్మాయి బయోకెమిస్ట్రీలో తప్పింది. ఆ కబురు తెలిసిన రాత్రే బావగారు ఆమె ల్యాప్‌టాప్‌ను బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

"మన ఖాందాన్‌లో మొదటి డాక్టరు అవుతుందని ఊరంతా చెప్పుకున్నాను. ఈమె చూస్తే రాత్రి రెండింటిదాకా ఆ పెట్టె ముందు కోడింగో ఏదో రాస్తూ కూర్చుంటుంది. కంప్యూటరే కావాలనుకుంటే ఇంజనీరింగులో చేరవలసింది. ఈ సీటు రాక ఎంతమంది పిల్లలు ఏడుస్తున్నారో మీకు తెలియదా?" అన్నారు బావగారు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. 2007లో బి.సి.-ఇ వర్గం కింద నాలుగు శాతం రిజర్వేషన్లు వచ్చిన తరువాత, మన ఇళ్ళలో ఎన్నో కుటుంబాలు తొలిసారిగా తమ బిడ్డ ఒంటిమీద తెల్లకోటు చూసుకున్నాయి. ఆ సీటు వెనుక తండ్రి అప్పులుంటాయి, తల్లి కుదువపెట్టిన గాజులుంటాయి. అది ఒక్క బిడ్డ సీటు కాదు, ఇంటిల్లిపాదిదీ. పైగా వైద్యవిద్య నియమాలు కఠినమైనవి. థియరీ తరగతులకు 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు తప్పనిసరి. మొదటి సంవత్సరం పరీక్షలకు నాలుగు ప్రయత్నాలకు మించి అవకాశం లేదు. కనుక ఆ తండ్రి భయాన్ని ఎవరూ తేలికగా తీసిపారేయలేరు.

అయినా, మేనకోడలి గది తలుపు తట్టబోతున్నప్పుడు నాకు మరొక వైద్య విద్యార్థి గుర్తుకు వచ్చాడు. లోపలికి వెళ్ళకుండా వెనక్కి వచ్చి బావగారి పక్కన కూర్చొని, ముందుగా ఆయనకే ఆ కథ చెప్పాను.

మైమన్‌సింగ్ హాస్టలు గది

బంగ్లాదేశ్‌లో ఫిబ్రవరి మాసానికి ఒక ప్రత్యేకత ఉంది. 1952 ఫిబ్రవరి 21న మాతృభాష హక్కు కోసం ఢాకా వీధుల్లో విద్యార్థులు ప్రాణాలు అర్పించారు. ఆ రోజునే 1999లో యునెస్కో అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది. ఏటా ఆ నెలలో ఢాకాలో పెద్ద పుస్తక మహోత్సవం జరుగుతుంది. 2003లో ఆ మహోత్సవానికి మెహదీ హసన్ ఖాన్ అనే విద్యార్థి వెళ్ళాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళయినా నిండలేదు. ఒక స్టాలులో కొందరు యువకులు లినక్స్ కంప్యూటరుపై బంగ్లా లిపిని చూపిస్తున్నారు. మెహదీ ఇంట్లో ఉన్నది విండోస్ కంప్యూటరు. దానిపై యూనికోడ్ బంగ్లా సులువుగా రాసే సాధనం దొరకలేదు. దొరకనప్పుడు తానే తయారు చేయాలనుకున్నాడు.

ఈ కష్టం ఏమిటో తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఒకనాడు ఒక కంప్యూటరులో కొట్టిన తెలుగు మరో కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగుర్తులుగా కనబడేది. ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క లెక్క ఉండేది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే 'లేఖిని' వంటి సాధనాలు వచ్చాకనే మనలో చాలామంది కంప్యూటరుపై తెలుగు రాయగలిగాము. మెహదీ బంగ్లాకు చేసినదీ ఇటువంటి పనే. 2003 మార్చి 26న, బంగ్లాదేశ్ స్వాతంత్ర్య దినాన, అతని కీబోర్డు సాఫ్ట్‌వేర్ లోకానికి అందింది. దాని పేరు 'అభ్ర'. ఆకాశమని అర్థం. మన నిఘంటువుల్లోని 'అభ్రము' కూడా అదే.

తరువాత అతడు మైమన్‌సింగ్ వైద్య కళాశాలలో చదివాడు. పగలు శవపరిచ్ఛేదన, ఫిజియాలజీ, వార్డులు. రాత్రి హాస్టలు గదిలో కీబోర్డు పని. నిద్ర తగ్గింది, చదువు కుంటుపడింది. వైద్యవిద్య మానుకొమ్మని అధ్యాపకులలో కొందరు సలహా ఇచ్చేంతవరకూ వచ్చిందని అక్కడి పత్రికలు రాశాయి. అతడు మానలేదు. కీబోర్డునూ వదలలేదు, ఎం.బి.బి.ఎస్.నూ వదలలేదు. రెండూ పూర్తి చేశాడు.

ఆ సాఫ్ట్‌వేర్‌కు అతడు ఒక్క టాకా కూడా ధర పెట్టలేదు. భాష అందరికీ తెరచి ఉండాలన్నది దాని నినాదం. బంగ్లాదేశ్ ఎన్నికల సంఘం సైతం తన పనికి దానిని వాడుకుంది. 2025లో ఆ దేశపు రెండవ అత్యున్నత పౌర పురస్కారమైన 'ఏకుశే పదక్' మెహదీకి ప్రకటించబోయినప్పుడు, తాను ఒక్కడినే తీసుకోనని, తనతో కలిసి శ్రమించిన ముగ్గురు మిత్రులకూ అందులో భాగముండాలని ఆయన కోరారు. చివరకు ఆ పురస్కారం నలుగురికీ కలిపి దక్కింది.

బావగారు శ్రద్ధగానే విన్నారు. విని, సరిగ్గా అడగవలసిన ప్రశ్నే అడిగారు. "సరే. ఇప్పుడు ఆయన ఏ ఆసుపత్రిలో డాక్టరు?"

నిజం దాచకూడదు కదా! మెహదీ పట్టా పుచ్చుకున్న తరువాత వైద్యాన్ని వృత్తిగా చేసుకోలేదు. ప్రోగ్రామింగునే జీవనోపాధిగా ఎంచుకున్నారు. ఆ మాట చెప్పగానే బావగారు "చూశారా, నా భయం అదే" అన్నారు.

వదలకుండా నిలిచినవారు

అయితే అందరి దారీ అదే కాదు. రెండు పనులనూ ఒకే జీవితంలో ఇముడ్చుకున్నవారు మన చరిత్రలోనే ఉన్నారు. ఇబ్నె సీనా (980-1037) హమదాన్‌లో పగలు మంత్రిగా రాజ్యవ్యవహారాలు చూసేవారు, రాత్రి శిష్యులను కూర్చోబెట్టుకొని పాఠం చెప్పేవారు. ఇబ్నె రుష్ద్ స్పెయిన్‌లోని సెవిల్లే, కార్డోవా నగరాల్లో న్యాయమూర్తిగా తీర్పులిచ్చారు, రాజవైద్యునిగా నాడి చూశారు, వైద్యంపై గ్రంథమూ రాశారు. రెండు విద్యలు ఒక మనిషిలో ఉండటం ఆనాటి పండితులకు వింత కాదు.

కంప్యూటరు వచ్చాక ఈ జత మరింత అవసరమైంది. 1960ల చివరి భాగంలో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఆక్టో బార్నెట్ అనే వైద్యుడు తన బృందంతో కలిసి రోగుల రికార్డుల కోసం 'మంప్స్' అనే కంప్యూటరు భాషను రూపొందించారు. ఆ భాషపై కట్టిన వ్యవస్థలు నేటికీ అక్కడి ఆసుపత్రుల్లో పనిచేస్తున్నాయి. 2004లో కెన్యాలోని ఎల్డోరెట్‌లో హెచ్.ఐ.వి. రోగుల వివరాలు భద్రపరచవలసి వచ్చినప్పుడు ఇద్దరు అమెరికన్ వైద్యులు 'ఓపెన్ ఎం.ఆర్.ఎస్.' అనే ఉచిత వ్యవస్థకు పునాది వేశారు. దానిని ఆధారం చేసుకొని, ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గరి గనియారీ పల్లె ఆసుపత్రి కోసం 'బహ్మ్నీ' అనే వ్యవస్థ తయారయింది. ఇప్పుడది చాలా దేశాలకు పాకింది. అంత దూరం ఎందుకు, హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో రోగి వివరాలు నమోదయ్యే 'ఐస్మార్ట్' వ్యవస్థ బయట కొన్నది కాదు, ఆ సంస్థలోనే తయారైనది. దానిని నడిపించినది ఒక నేత్ర వైద్యుడే.

ఎందుకంటే రోగి బాధ తెలియనివాడు రాసిన ప్రోగ్రాం ఆసుపత్రిలో ఇమడదు. ప్రోగ్రాం సంగతి తెలియని డాక్టరు తనకు ఏమి కావాలో విప్పి చెప్పలేడు. ఆ రెండు ఒడ్డులకూ వంతెన వేయగలవారు తక్కువ.

రెండుసార్లు మోగిన గంట

అప్పుడు వెళ్ళి మేనకోడలి గది తలుపు తట్టాను. కళ్ళు వాచి ఉన్నాయి. "బేటీ, మార్కుల సంగతి తరువాత చూద్దాం. రాత్రిళ్ళు కూర్చొని నువ్వు తయారు చేస్తున్నది ఏమిటో ముందు నాకు చెప్పు" అన్నాను. ఆ ఇంట్లో ఇంతవరకూ ఆమెను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదట.

వాళ్ళ దాదీకి మధుమేహం. రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకోవాలి. దాదీ చదువుకోలేదు, ఈమధ్య మరుపు కూడా వచ్చింది. అందుకని మనవరాలు దాదీ ఫోనులో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టింది. సమయానికి గంట మోగి, ఆమె గొంతుతోనే "దాదీ, సూది వేళయింది" అని చెబుతుంది. ఇంట్లో అందరూ ఆ గొంతు విన్నవారే. అది అమ్మాయి రాసిన ప్రోగ్రాం అని మాత్రం తండ్రికి తెలియదు.

"అయితే మామూ, నేను పరీక్షలో తప్పింది ఆ ప్రోగ్రాం తయారు చేయడం వల్ల కాదు. దానిలో నేను చేసిన తప్పు వల్ల" అంది తల వంచుకొని.

జరిగింది ఇది. రమజానులో ఇఫ్తారును బట్టి దాదీ భోజనం వేళ మారింది. డాక్టరు సూది వేళ కూడా మార్చారు. అమ్మాయి కొత్త సమయాన్ని ఎక్కించింది గాని పాత సమయం తొలగిపోయిందో లేదో చూసుకోలేదు. ఆ సాయంత్రం గంట ఒకసారి మోగింది. దాదీ సూది వేసుకొంది. గంట గడిచాక మళ్ళీ మోగింది. మనవరాలి గొంతు మళ్ళీ సూది వేళయిందని చెప్పింది. మనవరాలి మాటపై నమ్మకంతో దాదీ రెండోసారి సిరంజి తీసింది. అదృష్టవశాత్తూ మా ఆపా చూసి చేయి పట్టుకొని ఆపింది. ఇన్సులిన్ మోతాదు రెట్టింపయితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, స్పృహ తప్పడం, ఒక్కొక్కసారి ప్రాణాపాయం. దీనినంతా వైద్య పుస్తకంలో చదువుతున్న అమ్మాయికి వేరే చెప్పాలా? ఆ భయంతో పరీక్షలకు ముందు పది రాత్రులు ఆ తప్పు ఎక్కడ ఉందో వెదుకుతూ, మళ్ళీ మళ్ళీ సరిచేస్తూ కూర్చుంది. బయోకెమిస్ట్రీ పుస్తకం మూతపడే ఉంది.

నేను ఆమెకు ఒక పాత దుర్ఘటన సంగతి చెప్పాను. 1985 నుంచి 1987 వరకు అమెరికా, కెనడాలలో 'థెరాక్-25' అనే రేడియేషన్ యంత్రం ఆరుగురు కాన్సర్ రోగులకు ఉండవలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కిరణాలు ఇచ్చింది. వారిలో కనీసం ముగ్గురు మరణించారు. అంతకు పూర్వపు యంత్రాల్లో ప్రమాదాన్ని ఆపడానికి విడిగా రక్షణ ఏర్పాట్లు ఉండేవి. ఇందులో ఆ భారమంతా సాఫ్ట్‌వేర్‌పై వేశారు. నడిపేవారు తెరపై వివరాలను వేగంగా సరిదిద్దినప్పుడు యంత్రం లోపలి అమరిక తప్పుగా నిలిచిపోయేది. సాఫ్ట్‌వేర్‌లో పొరపాటు ఉండవచ్చునని నమ్మడానికి చాలాకాలం ఎవరూ సిద్ధపడలేదు.

"చూడు బేటీ, కంప్యూటరువారు తప్పును రేపు సరిచేద్దాం అనగలరు. డాక్టరుకు ఆ వెసులుబాటు లేదు. దాదీ చేతిలో సిరంజి చూసిన రోజున ఈ రెండింటికీ ఉన్న తేడా నీకు తెలిసింది. ఈ భయం ఉన్నవాళ్ళే ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాయాలి. అయితే ఈ భయానికి తోడు బయోకెమిస్ట్రీ కూడా రావాలి" అన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది.

గుమ్మం అవతల బావగారు నిలబడి ఉన్నారన్న సంగతి నాకు తరువాత తెలిసింది.

ఎవరి హక్కు వారికి

సమతుల్యం అనగానే తక్కెడలో రెండు పళ్ళేలూ సరిసమానంగా ఉండాలనుకుంటాము. మన ధర్మం నేర్పినది అది కాదు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (ర), హజ్రత్ అబూ దర్దా (ర)ల వృత్తాంతం మనకు తెలిసినదే. దైవప్రవక్త (స) వారిద్దరినీ అన్నదమ్ములుగా కలిపారు. అబూ దర్దా పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో ఇంటినీ శరీరాన్నీ మరచిపోయారు. సల్మాన్ అతిథిగా వచ్చి ఆయనచేత భోజనం చేయించారు, రాత్రి నిద్రపుచ్చారు, చివరి జామున లేపి కలిసి నమాజు చేశారు. ప్రభువుకు, శరీరానికి, ఇల్లాలికి, ఎవరి హక్కు వారికి చెల్లించాలని బోధించారు. ఆ సంగతి విన్న ప్రవక్త (స) సల్మాన్ చెప్పినది నిజమేనన్నారు. ఆరాధనే హద్దు దాటకూడదన్నప్పుడు కంప్యూటరు మోజు సంగతి చెప్పాలా?

హక్కు అనేది వేళను బట్టి ఉంటుంది. పరీక్షకు అయిదు వారాలున్నప్పుడు పుస్తకానిదే పెద్ద హక్కు. వార్డులో ఉన్నంతసేపూ రోగిదే మొత్తం హక్కు. రాత్రి శరీరానిది. మిగిలిన వేళలో అభిరుచికీ ఒక వాటా ఉంది. దానిని పూర్తిగా కాజేస్తే మనసు అటే పరుగెత్తుతుంది.

ఆ సాయంత్రం అస్ర్ నమాజు తరువాత నలుగురం కూర్చొని ఒక ఒప్పందం చేసుకున్నాము. సప్లిమెంటరీ పరీక్ష అయ్యేవరకు ల్యాప్‌టాప్ ఆదివారం జుహర్ నుంచి అస్ర్ వరకు మాత్రమే. దాదీ ప్రోగ్రాంలో ప్రాణాపాయం కలిగించే తప్పును సరిచేయడం తప్ప కొత్తవేవీ మొదలుపెట్టరాదు. పరీక్ష అయ్యాక కూడా ఇషా తరువాత ల్యాప్‌టాప్ తెరవరాదు.

ఈ చివరి నియమానికి కారణం ఉంది. ప్రోగ్రాంలో చిక్కుముడి పడినప్పుడు "ఇంకొక్క పది నిమిషాలు" అనిపిస్తుంది. ఆ పది నిమిషాలు తెల్లవారుజాముదాకా సాగుతాయి. మరునాడు ఆ నిద్రలేమి క్లాసులోనో, రేపు డాక్టరయ్యాక రోగి మంచం పక్కనో బయటపడుతుంది. అందుకు ఒక చిన్న ఉపాయం చెప్పాను. లేచేముందు, ఎక్కడ ఆగానో, తరువాత ఏమి చేయాలో ఒక నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాసి మూసేయాలి. కాగితంమీద పెట్టిన చిక్కు తలలో తిరగడం తగ్గుతుంది.

మరో షరతు బావగారు పెట్టారు. అది నాకు తోచనిది. "రేపు ఆసుపత్రిలో అడుగుపెట్టాక రోగుల పేర్లు, రిపోర్టులు, ఫోటోలు నీ ల్యాప్‌టాప్‌లోకి రాకూడదు. అవి అమానత్." ఎంత గొప్ప మాట! నేడు కొందరు నేర్పరి యువ డాక్టర్లు ఉత్సాహం కొద్దీ రోగి స్కానును మిత్రుల గుంపులో పంపిస్తున్నారు, ఉచితంగా దొరికిన ఏదో ఒక సాధనంలో ఎక్కిస్తున్నారు. రోగి తన శరీరపు రహస్యాన్ని డాక్టరును నమ్మి అప్పగించాడు, యంత్రాన్ని నమ్మి కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట

వైద్యం చదివే పిల్లలకు కంప్యూటరు మీద మక్కువ ఉంటే అది దారితప్పడమని వెంటనే తీర్మానించకండి. స్క్రీను ముందు గడిపే గంటలన్నీ ఒకటి కావు. ఆటల్లో, రీల్సులో కరిగిపోయే గంట వేరు, ఏదో ఒకటి నిర్మించే గంట వేరు. ఆ తేడా తెలియాలంటే తాళం వేయకముందు పక్కన కూర్చొని "ఏమి చేస్తున్నావు?" అని అడగాలి. పిల్లలు చెప్పేది సగం అర్థం కాకపోయినా పరవాలేదు. చెప్పేటప్పుడు వారి కళ్ళు మీకు చాలా చెబుతాయి.

పిల్లలు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. మెహదీ హసన్ ఖాన్ కథలో కీబోర్డు ఎంత నిజమో, పూర్తి చేసిన ఎం.బి.బి.ఎస్. కూడా అంతే నిజం. చేపట్టిన చదువును సగంలో విడిచిపెట్టి కాక, పూర్తి చేసి నిలబడినప్పుడు తీసుకునే నిర్ణయానికి విలువ ఉంటుంది. అప్పుడు డాక్టరుగానే నిలిచి బార్నెట్ దారిలో నడవవచ్చు. ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్‌లో ఎం.బి.బి.ఎస్. చదివినవారి కోసమే వైద్యశాస్త్రాన్నీ సాంకేతికతనూ కలిపి నేర్పే మూడేళ్ళ స్నాతకోత్తర కోర్సు ఉంది. ప్రోగ్రామింగు పాఠాలు ఎన్.పి.టి.ఇ.ఎల్., స్వయం వేదికలపై ఉచితంగా దొరుకుతాయి. దారులు ఉన్నాయి. తొందర ఒక్కటే పనికిరాదు.

మేనకోడలు సప్లిమెంటరీలో ఉత్తీర్ణురాలైంది, అల్‌హందులిల్లాహ్. దాదీ ఫోను ఇప్పుడు గంట మోగగానే సూది వేసుకొమ్మని చెప్పదు. "దాదీ, ఈ పూట సూది వేసుకున్నారా?" అని ముందు అడుగుతుంది. వేసుకున్నట్టు ఒకసారి నొక్కితే ఆ రాత్రికి మళ్ళీ మోగదు. అంతటితో ఊరుకోక, ఫోనును మాత్రమే నమ్మకూడదని ఫ్రిజ్ తలుపుపై ఒక కాగితం అంటించింది. సూది వేసుకోగానే దానిమీద ఇంట్లో ఎవరో ఒకరు పెన్సిలుతో గుర్తు పెడతారు. తాను రాసిన ప్రోగ్రాంనే పూర్తిగా నమ్మకపోవడం ఆమె ఈ ఏడాది నేర్చుకున్న మంచి పాఠం.

ఈమధ్య ఒక రాత్రి బావగారు ఫోను చేశారు. అమ్మాయి ఏదో చూపిస్తే తనకు సగమే అర్థమయిందట. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివర్లో ఏమీ ఎరగనట్టు అడిగారు. "ఆ ఖరగ్‌పూర్ కోర్సు అన్నారే, దానికి ముందు ఎం.బి.బి.ఎస్. పూర్తి కావాలి కదా?"

"తప్పకుండా కావాలి" అన్నాను.

"అదే, అదే" అన్నారు తృప్తిగా.